ఆ హాలు ఎవరిది? హెర్ఫర్డ్‌షైర్ పల్లెలో నా అనుభవం

మేం 2021లో ఇంగ్లండ్‌లోని హెర్ఫర్డ్‌షైర్‌కి వచ్చాం. మా ఆయనకి హెర్ఫర్డ్‌లో ఆసుపత్రి ఉద్యోగం. పట్నంలో అద్దెలు చూసి, లెమ్‌స్టర్ వైపు ఒక పల్లెలో పెరడుతో సహా చిన్న ఇల్లు దొరికితే తీసుకున్నాం. చుట్టూ సైడర్ ఆపిల్ తోటలు, హాప్ తీగల పందిళ్లు, ఎర్రటి ఒళ్లు తెల్లటి మొహం ఉన్న హెర్ఫర్డ్ ఆవులు. పాలకొల్లు దగ్గర పుట్టి పెరిగిన నాకు పల్లెటూరు కొత్త కాదు. కానీ ఇక్కడ అరుగుల మీద కూర్చునేవాళ్లు ఉండరు. దుకాణం లేదు. బడి ఎప్పుడో మూసేశారు, పిల్లలు పక్క ఊరి బడికి బస్సులో వెళ్తారు. శీతాకాలంలో నాలుగున్నరకే చీకటి పడుతుంది. వీధి దీపాలు లేవు. ఆ మొదటి చలికాలం, మా చుట్టుపక్కల ఇళ్లలో ఎవరుంటారో కూడా తెలియకుండానే గడిచిపోయింది.

ఊరు నాకు తెలిసింది పారిష్ కౌన్సిల్, అంటే ఊరి స్థానిక పాలక మండలి, పెట్టిన నోటీసు బోర్డు వల్ల. బస్సు షెల్టర్ పక్కన గాజు తలుపు వెనక కాగితాలు గుచ్చి ఉంటాయి. సోమవారం సాయంత్రం బ్యాడ్మింటన్. మంగళవారం పొద్దున పోస్టాఫీసు, అంటే పట్నం నుంచి ఒకావిడ మిషన్లు, నోట్ల పెట్టె తెచ్చుకుని కొద్ది గంటలు కౌంటరు తెరుస్తుంది. బుధవారం అల్లికల బృందం. శుక్రవారం కాఫీ. నెలకోసారి విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆడవాళ్ల సంఘం, ఇక్కడందరూ డబ్ల్యూఐ అంటారు. నెలకోసారి సినిమా. ఈ చుట్టుపక్కల పల్లెల హాళ్లలో సినిమాలు వేయడానికి ఫ్లిక్స్ ఇన్ ద స్టిక్స్ అనే ఏర్పాటు ఉంది. ఇవి కాక యంగ్ ఫార్మర్స్ క్లబ్, తోటమాలుల సంఘం, పసిపిల్లల తల్లుల గుంపు. అన్ని కాగితాల కింద ఒకటే చిరునామా: విలేజ్ హాలు.

పబ్, చర్చి, ఆటస్థలం కూడా ఉన్నాయి. ఆటస్థలం గేటు స్తంభాల మీద ఒకవైపు సింహం, ఇంకోవైపు యూనికార్న్ చెక్కిన పలకలు ఉంటాయి. అయిదో జార్జి 1936లో చనిపోయాక ఆయన జ్ఞాపకంగా దేశమంతా 470కి పైగా ఆటస్థలాలు ఏర్పాటు చేశారు. వాటన్నిటికీ గుర్తు ఈ పలకలే. మాది కూడా అందులో ఒకటి. క్రికెట్ క్లబ్ అక్కడే ఆడుతుంది. మా అబ్బాయిని అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం పెట్టిన ఆల్ స్టార్స్ శిక్షణలో చేర్చాం. చేర్చిన వారంలోనే మా ఆయన్ని పిచ్ మీద రోలరు లాగడానికి పిలిచారు. ఆయన సంతోషంగా వెళ్లారు, ఇప్పటికీ వెళ్తున్నారు. క్రికెట్ గురించి రాయాలంటే ఆయనే రాయాలి. నేను హాలు గురించి చెబుతాను.

కాఫీ రోజున తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. పది పన్నెండు మంది, ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్లు. ఒకరు లేచి కుర్చీ జరిపారు, ఒకరు టీ పోశారు. మీ ఇల్లు ఏదని అడిగారు. ఏ దేశమని అడగలేదు, ఏ ఇల్లు అనే అడిగారు. చెప్పగానే ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరుండేవారో, పెరట్లో ప్లమ్ చెట్టు ఎవరు నాటారో చెప్పారు. వెళ్లేటప్పుడు ఒకావిడ తుడిచే బట్ట నా చేతికిచ్చి, "కప్పులు తుడుస్తారా?" అంది. ఆ రోజు నుంచి నాకు ఆ వంటగదిలో ఏ అలమరలో ఏముందో తెలుసు. ఇక్కడ కొత్తవాళ్లని ఎవరూ వచ్చి పిలవరు, అది నిజం. కానీ వెళ్తే పని చెబుతారు. మన ఊళ్లో పెళ్లింటికి వెళ్లినప్పుడు ఎవరో ఒకరు కూరగాయల గంప ముందు పెట్టినట్టే ఉంటుంది.

డబ్ల్యూఐలో సభ్యత్వం తీసుకోకముందు అతిథిగా వచ్చి చూడొచ్చు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఈ సంఘం పుట్టింది కెనడాలో, 1897లో, ఒంటారియో రాష్ట్రంలోని స్టోనీ క్రీక్ అనే ఊళ్లో. బ్రిటన్‌కి 1915లో వచ్చింది, వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవిలో మొదటి శాఖ పెట్టారు. యుద్ధకాలంలో తిండి గింజలు, కూరగాయలు ఎక్కువ పండించడానికి ఆడవాళ్లని కూడగట్టారు. మా శాఖ సమావేశంలో ముందు పాత తీర్మానాలు చదువుతారు, తర్వాత ఎవరో ఒక వక్త మాట్లాడతారు, తర్వాత టీ, చివర చిన్న పోటీ. తేనెటీగల పెంపకం, కాలువ పడవలు, వీలునామా రాయడం, ఇలా ఏదైనా విషయం కావచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది ఏంటంటే, ఏడాదికోసారి దేశమంతటి శాఖలు ఒక సామాజిక విషయాన్ని చర్చించి ఓటు వేయడం. ఊళ్లోని ఎనభై ఏళ్ల రైతు భార్య దాని మీద లేచి నిలబడి మాట్లాడుతుంది, మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తారు.

2022 జూన్‌లో ఎలిజబెత్ రాణి గద్దెనెక్కి డెబ్బై ఏళ్లయిన పండగకి ఊరంతా కలిసి భోజనం చేయాలనుకున్నారు. వాన పడితే ఇబ్బందని హాల్లోనే పెట్టారు. నన్ను పులిహోర, గారెలు చేయమన్నారు. సరే అన్నాక ఒకావిడ ఒక ఖాళీ కార్డు ఇచ్చి, అందులో ఏమేం వేశానో రాయమంది. బ్రిటన్‌లో ఆహారం విషయంలో తప్పక చెప్పాల్సిన అలర్జీ పదార్థాలు 14 ఉన్నాయి. ఆ జాబితా చూసి కాసేపు ఆగిపోయాను. ఆవాలు అందులో ఉన్నాయి. నువ్వులు ఉన్నాయి. వేరుశెనగ ఉంది. జీడిపప్పు ఉంది. మన పులిహోర పోపు అంతా అందులోనే ఉంది. ఇంట్లోకి వెళ్లి ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చూస్తే అందులో గోధుమ పిండి కలిపి ఉంది. డబ్బాలో వచ్చే ఇంగువ చాలా వరకు అలాంటిదే. ఊళ్లో ఒకాయనకి గోధుమ అస్సలు పడదు, పేగులు దెబ్బతింటాయి. ఆయన కోసం ఇంగువ వేయకుండా వేరే గిన్నెలో కలిపి, కార్డు మీద స్పష్టంగా రాసి పెట్టాను. ఆయన వచ్చి కార్డు చదివి, ఆ గిన్నెలోంచి రెండుసార్లు పెట్టించుకున్నారు. బయట భోజనాల్లో తనకి ఎప్పుడూ బంగాళాదుంపలే మిగులుతాయని చెప్పారు. అప్పటినుంచి నేను ఎక్కడికి వంట తీసుకెళ్లినా కార్డు రాయకుండా వెళ్లను.

ఆ తర్వాతి ఉగాదికి హాలు అద్దెకి తీసుకున్నాం. హెర్ఫర్డ్, వూస్టర్ వైపు ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. అందరూ ప్రతి పండక్కీ బర్మింగ్‌హామ్ వెళ్లి వస్తారు. ఇక్కడే చేద్దాం అన్నాను. హాలు బుకింగులు చూసే ఆవిడకి ఫోన్ చేస్తే ఒక ఫారం పంపింది. ఊరివాళ్లకి ఒక రేటు, బయటివాళ్లకి ఒక రేటు. ఊరివాళ్ల రేటు గంటకి పది పౌండ్ల లోపే. కుర్చీలు వేస్తే ఎంతమంది, నిలబడితే ఎంతమంది పట్టాలో ఉంది. అగ్నిప్రమాద ద్వారాలకి ఏమీ అడ్డం పెట్టకూడదు. రాత్రి పదకొండుకి పాటలు ఆపాలి. మందు అమ్మాలంటే హెర్ఫర్డ్‌షైర్ కౌన్సిల్‌కి తాత్కాలిక కార్యక్రమ నోటీసు ఇవ్వాలి, దానికి కనీసం పది పనిదినాల ముందు 21 పౌండ్లతో దరఖాస్తు పెట్టాలి. మేం ఏమీ అమ్మలేదు కాబట్టి దాని అవసరం రాలేదు. అయిపోయాక మనమే ఊడ్చి, చెత్త మనమే తీసుకెళ్లాలి. మా పిల్లలు చీపుళ్లు పట్టుకుని పరుగెత్తారు. అల్లికల బృందంవాళ్లని కూడా పిలిచాం. ఇండియా నుంచి తెచ్చుకున్న ఎండు వేపపువ్వుతో చేసిన పచ్చడి ఒక్కొక్క చెంచా తిని, ఆరు రుచులూ తగిలాయో లేదో ఒకరినొకరు అడిగి చూసుకున్నారు.

అదే ఏడాది అమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది. నరసాపురం లేసు గురించి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాలు మన గోదావరి ఆడవాళ్లకి క్రోషా అల్లిక నేర్పాయి, అది అక్కడ ఇంటింటి పని అయింది. అమ్మ చిన్నప్పటి నుంచి అల్లుతోంది. బుధవారం ఆమెని హాలుకి తీసుకెళ్లాను. ఆమెకి ఇంగ్లీషు రాదు, వాళ్లకి తెలుగు రాదు. అమ్మ సంచిలోంచి తెల్ల దారం, సన్నటి సూది తీసింది. కాసేపట్లో నలుగురు తమ కుర్చీలు ఆమె దగ్గరికి జరుపుకున్నారు. ఒకావిడ కళ్లద్దాలు తీసి, ముక్కు దగ్గరగా పెట్టి ఆ లేసు చూసింది. తన నాయనమ్మ ఇలా చేసేదట, తర్వాత ఇంట్లో ఎవరూ నేర్చుకోలేదట. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ బుధవారాలు వదల్లేదు. నేను లేకపోయినా ఒక్కతే నడిచి వెళ్లేది.

ఒకరోజు నడుస్తూ అమ్మ అడిగింది: "ఆ హాలు ఎవరిదే? ఎవరు కట్టించారు? గవర్నమెంటుదా, చర్చిదా?"

నాకు తెలియదు. పారిష్ కౌన్సిల్‌ది అనుకున్నాను. కాఫీ దగ్గర అడిగితే, "మనది" అన్నారు. ఇంకొంచెం గట్టిగా అడిగితే కమిటీ కార్యదర్శి మర్నాడు ఒక దస్తావేజు నకలు తెచ్చి ఇచ్చారు. రాత్రి పిల్లాణ్ణి పడుకోబెట్టి ఆ దస్తావేజు మొత్తం చదివాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఊరి కుర్రాళ్ల జ్ఞాపకంగా చందాలు వేసుకుని హాలు కట్టారు. స్థలం ఒక రైతు ఇచ్చారు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఇలాంటి హాళ్లు చాలా లేచాయి, కొన్ని చోట్ల సైన్యం వాడి వదిలేసిన చెక్క గుడిసెల్నే కొనుక్కున్నారు. ఇప్పుడు దేశంలో 10,000కి పైగా గ్రామ హాళ్లు ఉన్నాయి, ఎక్కువ భాగం మాలాంటి చారిటీలే. మా హాలు స్థలం అఫీషియల్ కస్టోడియన్ ఫర్ చారిటీస్ అనే అధికారి పేరున ఉంది. ఆయన పేరున ఉన్నా ఆయన నడపరు. నడిపేది ట్రస్టీల కమిటీ. ఎవరి కోసం నడపాలి అనేది ఒక వాక్యంలో ఉంది: రాజకీయ, మత, ఇతర అభిప్రాయాల తేడా లేకుండా ఈ పారిష్‌లో నివసించేవాళ్ల కోసం. ఇక్కడ పుట్టినవాళ్ల కోసమని లేదు, ఈ దేశ పౌరుల కోసమని లేదు. నివసించేవాళ్ల కోసం అని ఉంది. ఆ వాక్యం చదివి నాకు కళ్లు చెమర్చాయి. వందేళ్ల కింద రాసిన కాగితంలో మేం కూడా ఉన్నాం.

అంతకంటే ముఖ్యమైన భాగం తర్వాత ఉంది. కమిటీలో ఎవరుండాలో దస్తావేజే చెబుతుంది. హాలు వాడుకునే సంఘాల పట్టిక ఒకటి ఉంది. పారిష్ కౌన్సిల్, చర్చి కౌన్సిల్, డబ్ల్యూఐ, క్రికెట్ క్లబ్, యంగ్ ఫార్మర్స్, ఇలా. ఒక్కో సంఘం ఒక్కో ప్రతినిధిని పంపుతుంది. వీళ్లు కాక వార్షిక సమావేశంలో ఊరివాళ్లు ఓటు వేసి కొందరిని ఎన్నుకుంటారు. అంటే వాడుకునేవాళ్లే యజమానులు, యజమానులే ఊడ్చేవాళ్లు. నాకు ఈ ఏర్పాటు చాలా గొప్పగా అనిపించింది. మన దగ్గర కమ్యూనిటీ హాలు కట్టేది ఎమ్మెల్యే నిధులతోనో దాత పేరుతోనో. రిబ్బను కత్తిరించాక తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి. ఇక్కడ తాళం ఎవరి దగ్గరుందో దస్తావేజు చూస్తే తెలుస్తుంది.

పారిష్ కౌన్సిల్ సంగతి కూడా చెప్పాలి, మన పంచాయతీ లాంటిదే అనుకుంటే పొరపాటు. 1894 చట్టంతో వచ్చిన వ్యవస్థ ఇది. జనం నేరుగా ఎన్నుకునే సర్పంచ్ ఉండరు. సభ్యులే ఏటా తమలో ఒకరిని అధ్యక్షుడిగా పెట్టుకుంటారు. జీతం ఉండేది గుమస్తాకే, అదీ కొద్ది గంటలకి. రోడ్లు, చెత్త బండ్లు హెర్ఫర్డ్‌షైర్ కౌన్సిల్ చూస్తుంది. పారిష్ చేతిలో ఉండేవి బెంచీలు, బస్సు షెల్టరు, గడ్డి కోత, కొత్త ఇళ్ల దరఖాస్తుల మీద అభిప్రాయం చెప్పడం. ఫోన్ కంపెనీ వదిలేసిన ఎర్రటి టెలిఫోన్ బూత్‌ని ఒక్క పౌండుకి తీసుకుని అందులో గుండె ఆగినప్పుడు షాక్ ఇచ్చే యంత్రం పెట్టారు. డబ్బు ఇళ్ల పన్నుతో కలిపి వసూలవుతుంది. సమావేశాలకి ఎవరైనా వెళ్లి వినొచ్చు.

ఇక ఓటు. యూకేలో ఉండటానికి అనుమతి ఉన్న కామన్‌వెల్త్ దేశాల పౌరులకి ఇక్కడ ఓటు హక్కు ఉంది. భారతీయులం కాబట్టి మాకూ ఉంది. ఇది మన వాళ్లలో చాలామందికి తెలియదు. 2023 మే నెల స్థానిక ఎన్నికల నుంచి ఇంగ్లండ్‌లో పోలింగ్ కేంద్రానికి వెళ్లి ఓటు వేయాలంటే ఫొటో ఉన్న గుర్తింపు చూపించాలి, కామన్‌వెల్త్ దేశాల పాస్‌పోర్టులు చెల్లుతాయి. పోలింగ్ కేంద్రం మా హాలే. నా ఇండియన్ పాస్‌పోర్టు చూపించి, సోమవారం బ్యాడ్మింటన్ ఆడే చోట నిలబడి ఓటు వేశాను.

ఆ తర్వాత జరిగిన వార్షిక సమావేశానికి ముందు డబ్ల్యూఐ అధ్యక్షురాలు నన్ను పక్కకి పిలిచి, తమ తరఫున హాలు కమిటీలో ఎవరూ లేరు, మీరు వెళ్తారా అని అడిగింది. నేను పాలకొల్లులో బీకాం చదివాను, హైదరాబాద్‌లో అకౌంట్స్ చేశాను. ఆ సంగతి ఆమెకి ఎలాగో తెలిసింది. ట్రస్టీ అవ్వడానికి ఒక ప్రకటన మీద సంతకం చేయాలి: దివాలా తీయలేదని, మోసం కేసుల్లో శిక్ష పడలేదని, అలాంటివి. పౌరసత్వం అడగలేదు. జీతం లేదు. చారిటీలని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ, చారిటీ కమిషన్, ట్రస్టీల బాధ్యతల మీద ఒక మార్గదర్శిని ఇస్తుంది, అది మొదటి నుంచి చివరి వరకు చదివాను. మాది కంపెనీలా రిజిస్టరైన సంస్థ కాదు, పాత పద్ధతి ట్రస్టు. అందుకని ఒప్పందాల మీద బాధ్యత చివరికి ట్రస్టీల మీదే పడుతుంది. బీమా కాగితాలు ముందు చూపించమని అడిగాను. ఎవరూ తప్పుగా అనుకోలేదు, మంచి ప్రశ్న అన్నారు.

కొన్నాళ్లకి ట్రెజరర్ పని నాకు అప్పజెప్పారు. పాత ట్రెజరర్ ఎనభై దాటిన పెద్దాయన, ఖాతా పుస్తకాలు నీలి సిరాతో, గీతలు కొట్టి, ఒక్క పైసా తేడా లేకుండా రాసేవారు. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆయిలు బిల్లు ఎప్పుడు వస్తుంది, ధర ఎప్పుడు తగ్గుతుంది, పక్క ఊళ్లతో కలిసి ఆర్డరు పెడితే ఎంత మిగులుతుంది, అన్నీ చెప్పారు. మా పల్లెకి గ్యాసు గొట్టం రాదు. అప్పట్లో హాలు బాయిలరు కిరోసిన్ మీద నడిచేది.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా టెన్షన్ పెట్టింది బ్యాంకు. ఖాతా మీద సంతకాలు మార్చాలి, అంతే. ఒక ఫారం పంపితే ఇంకో ఫారం అడిగారు. ఊళ్లో శాఖ లేదు, పట్నంలో ఉన్నదీ మూసేశారు. ఫోన్‌లో పాట వింటూ కూర్చోవాలి. పాత సంతకందారుల్లో ఒకాయన చనిపోయారు, ఆయన పేరు తీయడానికి ఆయన కుటుంబాన్ని మళ్లీ కాగితాలు అడగాల్సి వచ్చింది. అది నాకు చాలా బాధ కలిగించింది. ఊరి చారిటీలు నడిపేవాళ్లు ఎక్కువమంది పెద్దవాళ్లే. వాళ్లని ఇలా తిప్పడం అన్యాయం అని ఇప్పటికీ అనుకుంటున్నాను.

బ్యాంకు పని ఎందుకంత అవసరం అంటే, బాయిలరు ఆఖరి దశకి వచ్చింది. పైకప్పులోంచి వేడి పోతోంది. జనవరిలో అల్లికల బృందంవాళ్లు కోట్లు వేసుకుని అల్లుతున్నారు. నేషనల్ లాటరీ కమ్యూనిటీ ఫండ్‌లో చిన్న సంఘాల కోసం ఒక పథకం ఉంది, 300 నుంచి 20,000 పౌండ్ల వరకు అడగొచ్చు. ఒకే కుటుంబంవాళ్లు కాని కనీసం ఇద్దరు సంతకందారులు ఉండాలి, మంజూరు కాకముందు పెట్టిన ఖర్చుకి డబ్బు ఇవ్వరు. అందుకని ఆ శీతాకాలం బాయిలరుని బతిమాలుకుంటూ గడిపాం. పనివాళ్ల దగ్గర మూడు అంచనాలు తీసుకున్నాం. అందులో వ్యాట్ చూసి ఉస్సురన్నాం, హాలు చారిటీకి ఆ పన్ను తిరిగి రాదు.

దరఖాస్తులో అసలు కష్టమైన ప్రశ్న, ఈ పని అవసరమని మీకెలా తెలుసు అనేది. మాకు తెలుసు అంటే చాలదు. ఇంటింటికీ ఒక కాగితం పంచాం. అందులో నేను పట్టుబట్టి ఒక ప్రశ్న పెట్టించాను: రేపు ఈ హాలు లేకపోతే మీకు ఏం పోతుంది? జవాబులు తెచ్చుకుని వంటింటి బల్ల మీద పరిచి చదివాను. ఒక రైతు "పెన్షను" అని రాశారు, మంగళవారం పోస్టాఫీసులోనే తీసుకుంటారు. ఒక తల్లి, పసిబిడ్డతో ఉండే తనకి వారంలో మాట్లాడటానికి పెద్దవాళ్లు ఆ గుంపులోనే దొరుకుతారని రాసింది. ఒకాయన, భార్య పోయాక శుక్రవారం ఒక్కటే తను వేరేవాళ్లతో కలిసి ఏదైనా తినే రోజు అని రాశారు. పేర్లు తీసేసి ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు దరఖాస్తులో పెట్టాం. నేను అకౌంట్ల మనిషిని, అంకెలు నమ్ముతాను. కానీ ఆ దరఖాస్తుకి బలం ఆ మాటలే.

మనం కూడా కొంత వేయాలి కదా. ఊళ్లో హండ్రెడ్ క్లబ్ నడుస్తుంది. ఒక్కో నంబరుకి నెలకి ఒక పౌండు, సగం బహుమతులకి, సగం హాలుకి. దీన్ని చిన్న లాటరీగా హెర్ఫర్డ్‌షైర్ కౌన్సిల్‌లో నమోదు చేయించాలి, మొదట 40 పౌండ్లు, తర్వాత ఏటా 20. కార్యక్రమంలో అక్కడికక్కడే తీసే రాఫిల్ అనే లక్కీ డ్రాకి మాత్రం నమోదు అక్కర్లేదు. క్విజ్ రాత్రి పెట్టాం, పబ్‌వాళ్లు చిప్స్ ఇచ్చారు.

వేసవి చివర్లో కూరగాయల, పూల ప్రదర్శన ఉంటుంది. దాని ముందు రోజు రాత్రి హాల్లో మాటలు వినిపించవు, అంత శ్రద్ధ. నిబంధనల పుస్తకంలో చిక్కుళ్లు ఆరు అని ఉంటే ఆరే ఉండాలి. అయిదు పెడితే ఎంత మంచివైనా జడ్జి "షెడ్యూల్ ప్రకారం లేదు" అని చీటీ పెట్టి వెళ్లిపోతారు. ఉల్లిపాయల మెడలు రాఫియా దారంతో కడతారు. జామ్ సీసాల మూత మీద కంపెనీ పేరు ఉండకూడదు. చట్నీ విభాగం ఉంది, కానీ వాళ్ల చట్నీ అంటే వెనిగర్, చక్కెర వేసి ఉడికించి నెలల తరబడి ఊరబెట్టింది. మన రోటి పచ్చడి ఆ తూకానికి రాదు. తోటమాలుల సంఘం సమావేశంలో, వేరే దేశాల ఊరగాయలకి ఒక విభాగం పెట్టండి అని ప్రతిపాదించాను. చర్చించి ఒప్పుకున్నారు. ఊళ్లో ఒక పోలండ్ కుటుంబం కూడా పులియబెట్టిన దోసకాయలు పెట్టింది. ప్రదర్శన అయ్యాక మిగిలిన కూరగాయలు వేలం వేస్తారు, ఆ డబ్బు కూడా హాలుకే.

లాటరీ నుంచి ఉత్తరం వచ్చింది, అడిగినంత ఇచ్చారు. కప్పులో దట్టంగా ఇన్సులేషన్ వేశారు, కిటికీలు మార్చారు, కొత్త తాపన ఏర్పాటు వచ్చింది. బిల్లు చెల్లించేటప్పుడు ఇద్దరు సంతకాలు పెట్టాలి: ఒకటి నాది, ఒకటి యంగ్ ఫార్మర్స్ తరఫున వచ్చే ఇరవై నాలుగేళ్ల కుర్రాడిది. వాళ్ల తాతగారి తండ్రే ఆ స్థలం ఇచ్చిన రైతు అని నాకు అప్పుడే తెలిసింది. రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాను. "మరి ఆ అబ్బాయికి అద్దె లేదా?" అంది. అతనూ అందరిలాగే గంటకి కడతాడని చెప్పాను.

ఇప్పుడు కమిటీ ముందున్న పని పాత ట్రస్టుని చారిటబుల్ ఇన్‌కార్పొరేటెడ్ ఆర్గనైజేషన్ అనే రూపంలోకి మార్చడం. 2013 నుంచి ఆ అవకాశం ఉంది. అలా మారితే బాధ్యత సంస్థ మీద ఉంటుంది, ట్రస్టీల సొంత ఆస్తుల మీదకి రాదు. చిన్నవాళ్లు కమిటీలోకి రావాలంటే అది అవసరమని నా గట్టి నమ్మకం. సంఘాల ప్రతినిధులు ఉండే పద్ధతి మాత్రం కొత్త నియమావళిలోనూ ఉంచాలని పట్టుబడుతున్నాను. ఒకరిద్దరు అది పాతకాలపు పద్ధతి అంటున్నారు. ఓటింగ్ వచ్చే వార్షిక సమావేశంలో.

ఇంగ్లండ్ పల్లెల్లో ఉండే మన కుటుంబాలు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ఊరి హాలు పేరు చారిటీ కమిషన్ రిజిస్టర్‌లో వెతకండి. నమోదైన హాలు అయితే ట్రస్టీల పేర్లు, ఏటా వచ్చిన డబ్బు, ఖర్చు అన్నీ అక్కడ కనిపిస్తాయి. ప్రతి కౌంటీలోనూ గ్రామ హాళ్లకి సలహా ఇచ్చే సంస్థ ఒకటి ఉంటుంది, వాటన్నిటి జాతీయ సమాఖ్య పేరు ఆక్రే. మార్చి 1కి జూన్ 1కి మధ్య మీ పారిష్ ఓటర్లందరి వార్షిక సభ జరుగుతుంది, మీరు ఓటరైతే అందులో మాట్లాడొచ్చు, ఓటు వేయొచ్చు. హాలు దస్తావేజు చూడాలనిపిస్తే ముందు కమిటీ కార్యదర్శిని అడగండి. వాళ్ల దగ్గర లేకపోతే నకలు కోసం చారిటీ కమిషన్‌కి రాయొచ్చు.